నో బండి. బస్

మొన్న పొద్దున ఇంటి ముందు స్కూల్ బస్సు కోసం నిలబడి ఉన్నాం. మలుపులో పసుపు రంగు కనిపించగానే అలవాటుగా "అదిగో నాన్నా, బండి వచ్చేసింది" అన్నాను. మా వాడు నా చెయ్యి విడిపించుకుని, తలెత్తి నా మొహంలోకి చూసి, "నో బండి. బస్" అన్నాడు.

వాడికి మూడేళ్ళ నాలుగు నెలలు. మూడు మాటలు వరసగా వాడి నోటి నుంచి రావడం అదే మొదటిసారి. బస్సులో ఉండే ఆవిడ వాడిని కూర్చోబెట్టి బెల్టు పెట్టింది, బస్సు వెళ్ళిపోయింది. నాకు ఆఫీసు కాల్ ఉంది, అయినా గుమ్మంలోనే నిలబడిపోయాను. చాలా సంతోషం వేసింది. కానీ వాడు వద్దన్న మాట "బండి". ఆ ఒక్క మాట కోసం పోయిన శరదృతువులో మా ఇంట్లో ఎంత గొడవ జరిగిందో వాడికి తెలియదు.

మేముండేది డాలస్ పక్కన. ఏడాదిన్నర దాటినా మాటలు రాకపోతే పిల్లల డాక్టర్ ఈసీఐకి రాశారు. టెక్సస్‌లో మూడేళ్ళ లోపు పిల్లలకు థెరపీ ఇచ్చే పథకం అది. ప్రతి మంగళవారం పదింటికి స్పీచ్ థెరపిస్ట్ ఇంటికి వచ్చి కార్పెట్ మీద కూర్చునేది. బొమ్మల సంచీ తెచ్చేది కాదు. మా వంటింటి స్టీలు గిన్నెలు, గరిటెలతోనే వాడితో ఆడేది. వాడికి నేర్పినదానికన్నా మా ఆవిడకు నేర్పిందే ఎక్కువ. "గ్లాసు చూపించి ఆగండి. మాట మీరే ముందు అనేయకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి." నేను మాత్రం ఆ సమయానికి పై గదిలో తలుపేసుకుని మీటింగులో ఉండేవాడిని. అరగంట మీటింగ్. జరపమని అడిగితే జరిపేవాళ్ళే. ఏడాది పైన ఒక్క మంగళవారం కూడా అడగలేదు.

ఈసీఐ మూడో పుట్టినరోజుతో ఆగిపోతుంది. ఆ తర్వాత బాధ్యత పబ్లిక్ స్కూలుది. అమెరికాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి హక్కు 1975 చట్టంతో వచ్చింది. పసిపిల్లల సేవలను 1986లో దానికి కలిపారు. అందుకే రెండు భాగాలు, రెండు పద్ధతులు. పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ ఉంటుంది. మా వాడిది నవంబర్ కాబట్టి మాకు జులైలో పెట్టారు. ఒక బడిలో టీసీ తీసుకుని ఇంకో బడిలో ఇచ్చినట్టు ఫైలు అటు పంపితే సరిపోతుందనుకున్నాను. అలా కాదట. ఈసీఐ వాళ్ళు చూసేది వయసుకు తగ్గ ఎదుగుదలలో ఎంత వెనకబడ్డాడని. బడి వాళ్ళు చూసేది వైకల్యం ఉందా, ఉంటే దానివల్ల ప్రత్యేకంగా చదువు చెప్పాల్సిన అవసరం ఉందా అని. ఇక్కడ సాయం అందుకున్న పిల్లాడికి అక్కడ అర్హత లేదనవచ్చు. పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేస్తారు.

పేరు నమోదు కాగితాల్లో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లాడు ఏ భాష మాట్లాడతాడు అన్న ప్రశ్నలుంటాయి. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసులో, వేస్తారని తెలిసినవాళ్ళందరూ చెప్పారు. రెండు చోట్లా ఇంగ్లిష్ అని రాశాను. అది పూర్తి అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకంటే అంతకు ముందు ఎనిమిది నెలలుగా ఇంట్లో వాడితో ఇంగ్లిషే మాట్లాడాలని రూలు పెట్టింది నేనే. రెండు భాషలుంటే పిల్లలు తికమకపడి మాట్లాడరని ఎవరో అంటే, మళ్ళీ ఆలోచించకుండా నమ్మేశాను.

సెప్టెంబర్‌లో పరీక్షకు నేనే సెలవు పెట్టి తీసుకెళ్ళాను. అక్కడి స్పీచ్ నిపుణురాలు బొమ్మల పుస్తకం తెరిచింది. కారు బొమ్మ మీద వేలు పెట్టి వాడు స్పష్టంగా "బండి" అన్నాడు. ఆవిడ ఏదో రాసుకుని పేజీ తిప్పింది. కప్పు చూసి "నీయ్యు" అన్నాడు. నీళ్ళు అని అర్థం. మళ్ళీ పేజీ తిప్పింది. నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాను. అది తెలుగండీ, సరిగ్గానే చెప్పాడండీ అనొచ్చు. అంటే నేను రాసిన కాగితం తప్పని తెలిసిపోతుంది. నోరు మెదపలేదు. వాడు రెండుసార్లు నా వైపు తిరిగి చూశాడు.

వచ్చిన రిపోర్టులో వాడికి నాలుగు మాటలు వచ్చని ఉంది. మా ఆవిడ చదివి, ఫ్రిజ్ మీదున్న తెలుగు క్యాలెండర్ తీసుకొచ్చి నా ముందు పెట్టింది. వాడు కొత్త మాట అన్న ప్రతి రోజూ ఆ తేదీ కింద పెన్సిల్‌తో రాసి పెట్టింది. మొత్తం 26. అందులో 19 తెలుగు. పాలు, బువ్వ, కాకి, తాతా, ఇంకా. నా రూలు నడుస్తుండగానే తను నిద్రపుచ్చుతూ తెలుగులో మాట్లాడుతూ ఉంది, మా అమ్మ ఆదివారాలు వీడియోలో మాట్లాడుతూ ఉంది. వాడు పట్టుకున్నవి అవే.

"అక్కడ బండి అన్నాడా?"

"అన్నాడు."

"మరి నువ్వు చెప్పలేదా?"

ఆ రాత్రి జరిగిందంతా రాసి స్కూలుకు ఈమెయిల్ పంపాను. కోప్పడతారనుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. వాడికి ఇంగ్లిష్ స్థాయి పరీక్ష ఇంకా జరగలేదు కాబట్టి భాష మార్చడానికి ఒప్పుకున్నారు. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్లో తెలుగు దుబాసీతో ఇంకోసారి చూశారు. వీలైనంతవరకూ పిల్లాడి సొంత భాషలోనే పరీక్ష చెయ్యాలని చట్టమే చెబుతుంది. రెండు భాషల మాటలూ కలిపే లెక్కపెట్టాలని, రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని ఆ నిపుణురాలే చెప్పింది. ఎనిమిది నెలలు. ఆ మాట విన్నాక చాలా రోజులు నిద్ర పట్టలేదు.

పిల్లాడికి బడిలో ఏ సాయం ఇవ్వాలో రాసే ప్లాన్‌ను ఐఈపీ అంటారు. టెక్సస్‌లో ఆ ప్లాన్ రాసే మీటింగ్‌ను ఆర్డ్ అంటారు. ఒప్పుకోలేకపోతే ఆపి, పది బడి రోజుల్లోపు మళ్ళీ కూర్చోవచ్చు. తల్లిదండ్రులు సంతకం పెట్టందే మొదటిసారి సేవలు మొదలవవు. ఈసీఐ ప్లాన్ పేరులో కుటుంబం అన్న మాట ఉండేది, ఐఈపీలో అది లేదు. ఇంతకాలం మా కార్పెట్ మీద జరిగింది ఇక తలుపు అవతల జరుగుతుంది. మా ఆవిడ ఒక్క విషయంలో గట్టిగా నిలబడింది. వస్తువుల పేర్లు చెప్పాలన్న లక్ష్యం పక్కన "ఏ భాషలోనైనా" అని రాయించింది. అలా బండి ఆ కాగితంలో చేరింది.

మా అమ్మకు ఇదేదీ తెలియదు. అంతకు ముందు వేసవిలో తెనాలి నుంచి వచ్చినప్పుడు చీర మడతల్లో వసకొమ్ము దాచి తెచ్చింది, అరగదీసి నాలుకకు రాస్తే మాటలొస్తాయని. డాక్టర్ వద్దన్నారు, రాయనివ్వలేదు. ఆవిడ మారుమాట్లాడకుండా మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. మనవడు ప్రీస్కూల్లో చేరాడని చెప్పాను. ఎలాంటి క్లాసో చెప్పలేదు. ప్రతి ఆదివారం చెబుదామనుకుంటాను. కాగితం మీద ఇంగ్లిష్ అని రాసిన భయమే ఇక్కడా నన్ను ఆపుతోందని తెలుసు. తెలిసినా చెప్పలేకపోతున్నాను.

మీ పిల్లలు ఈ దారిలో ఉంటే, వాళ్ళనే ప్రతి మాటా రెండు భాషల్లోనూ రాసిపెట్టండి, ఫోన్లో వీడియోలు తీయండి, దుబాసీని అడగండి, భాష గురించి నిజం రాయండి. ఇంతవరకూ నాకు సందేహం లేదు. ఆ తర్వాతదే తెలియడం లేదు. రోజుకు మూడు గంటలు బడిలో ఉంటాడు. అక్కడ స్నేహితులున్నారు, పాటలున్నాయి, బస్సుంది. నాలుగు నెలల్లో వచ్చిన కొత్త మాటలన్నీ ఇంగ్లిషే. నేను సరిదిద్దనా? సరిదిద్దితే మాట్లాడటమే మానేస్తాడేమో. వదిలేస్తే పాలు, బువ్వ, కాకి ఎన్నాళ్ళుంటాయి? ఎనిమిది నెలలు నేనే వద్దనుకున్న భాషను ఇప్పుడు వాడు వదిలేస్తున్నాడని బాధపడే హక్కు నాకుందా?

బడికీ ఇంటికీ మధ్య తిరిగే నోట్‌బుక్‌లో ఆ రోజు వాడన్నది ఉన్నదున్నట్టు రాశాను, పక్కన మూడు మాటలు అని. టీచర్ కింద పెద్ద నక్షత్రం గీసి పంపింది.

మధ్యాహ్నం బస్సు ఆగింది. వాడు దిగి వచ్చాడు. బండి బాగుందా అని అడగాలో, బస్ బాగుందా అని అడగాలో తేలక, నోటిదాకా వచ్చినదాన్ని ఆపి, థెరపిస్ట్ మా ఆవిడకు నేర్పినట్టు మనసులో అయిదు లెక్కపెట్టాను. అయిదు దాటి పది అయింది. వాడు గుమ్మంలో కూర్చుని ఒక్కో బూటూ విప్పుకున్నాడు, లేచి స్టీలు గిన్నెలుండే అరవైపు నడిచాడు.