ఫోన్‌పేలో దొరికిన తేదీలు

మా పిన్ని కూతురు భర్త కొట్టే దెబ్బలు భరించలేక హిందూపురంలోని అత్తవారింటి నుంచి రెండు జతల బట్టలతో బయలుదేరి, బెంగళూరులోని మారతహళ్లిలో నేనుండే ఇంటికి వచ్చిన తొలి వారంలో, ఫోను చేసిన బంధువులందరూ అన్నది ఒకే మాట: కేసు పెడితే ఇక కాపురం ఏముంటుంది? కేసంటే పోలీసులు వచ్చి అల్లుణ్ణి పట్టుకుపోవడమో, విడాకులో అని వారి అభిప్రాయం. నిజం చెప్పాలంటే, అప్పటికి నాకు తెలిసిందీ అంతే.

2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు విడాకులు కోరకుండానే, క్రిమినల్ కేసు పెట్టకుండానే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆమెను కొట్టవద్దని, ఆమె పనిచేసే చోటికి రావద్దని, ఏ రూపంలోనూ ఆమెతో మాట్లాడే ప్రయత్నం చేయవద్దని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును మీరడం ఈ చట్టం కింద నేరం. దానికి ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి విన్నాక మా పిన్ని కాస్త మెత్తబడింది.

హింస జరిగింది ఆంధ్రలో కాబట్టి అక్కడికే వెళ్ళాలేమోనని భయపడ్డాం. బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న ఊరి కోర్టులోనైనా అర్జీ వేసుకోవచ్చనీ, ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుందనీ న్యాయసేవాధికార సంస్థ తరఫున వచ్చిన లాయరమ్మ చెప్పారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సంస్థ ఇచ్చే న్యాయసహాయం ఉచితమే.

అసలు కష్టం అఫిడవిట్ దగ్గర, అంటే జరిగినదంతా ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం దగ్గర ఎదురైంది. "ఎప్పుడు కొట్టాడమ్మా?" అని లాయరమ్మ అడిగితే, "ఉగాదికి ముందొకసారి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడొకసారి" అని చెప్పి చెల్లెలు ఆగిపోయింది. వ్రతం తేదీ క్యాలెండరులో దొరికింది గానీ, రెండేళ్లలో ఎన్నోసార్లు జరిగిన వాటికి పండుగలు ఆనవాళ్లుగా సరిపోలేదు. ఆ రాత్రి వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని ఫోన్‌పే చెల్లింపులను ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుతూ పోయింది. ఒకచోట ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆటోకు 80 రూపాయలు, అరగంట తర్వాత మందుల షాపుకు 340. "అక్కా, ఇది చెయ్యి బెణికిన రోజు" అంది. అలా తెల్లవారేలోగా పదకొండు తేదీలు నోటుబుక్కులోకి ఎక్కాయి. ఇంత తడుములాట లేకుండా చెప్పగలిగే బాధితురాలు ఉంటుందని నేననుకోను.

అర్జీ అందిన మూడు రోజుల్లోపు తొలి విచారణ, ఆ తర్వాత 60 రోజుల్లో పరిష్కారం జరిగేలా చూడాలని చట్టం చెబుతున్నా, వాయిదాలు నెలల తరబడి సాగడం మామూలే కనుక, ఆదుకునేది తుది ఉత్తర్వు వచ్చేలోగా 23వ సెక్షన్ కింద ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు. అవతలి మనిషి రాకముందే, ఆమె అఫిడవిట్ ఆధారంగానే మేజిస్ట్రేటు దానిని ఇవ్వవచ్చు. అందుకే ఆ పదకొండు తేదీలకు అంత విలువ. తెలుగులో వచ్చిన బెదిరింపు మెసేజీలను ఇంగ్లీషులోకి మార్చి జతచేశాం. ఆ తిట్లను మర్యాదగల ఇంగ్లీషులో పెట్టడం ఎంత వింత పనో చెప్పలేను.

ఉత్తర్వులో ఏముండాలో అర్జీలోనే విడివిడిగా అడగాలని లాయరమ్మ పట్టుబట్టారు. మొదట మా ఇంటి చిరునామా ఒక్కటే రాశాం. అతను ఒకసారి ఆమె ఆఫీసు ఎదుటి బస్టాపులో నిలబడ్డాడని గుర్తుకొచ్చాక ఆఫీసు చిరునామానూ, అతని తరఫున ఫోన్లు చేస్తున్న బావగారి ప్రస్తావననూ చేర్చాం.

ఉత్తర్వు వచ్చాక కోర్టు ప్రతిని ఉచితంగానే ఇచ్చింది. చట్టం ప్రకారం స్థానిక పోలీసు స్టేషనుకూ ఒక ప్రతి వెళ్లాలి. మేము మరొక నకలు తీసి ఆఫీసు సెక్యూరిటీకి అతని ఫొటోతో సహా ఇచ్చాం. పదో రోజున కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు అతనిదే. చెల్లెలు బదులు పలకకుండా పెట్టేసి, స్క్రీన్‌షాట్ తీసి, నోటుబుక్కులో పన్నెండో తేదీ రాసింది. మరుసటి ఉదయం ఆ పేజీని లాయరమ్మకు పంపాం.