యుజు: వాము తలపించే నిమ్మ వాసన

సన్నని కాగితపు ముక్కపై యుజు అనే నిమ్మజాతి పండు తైలం ఒక్క చుక్క వేసి వాసన చూస్తే, మొదట నిమ్మతొక్క గిల్లినప్పటి ఘాటు, వెంటనే కమలాతొక్క తీపి, ఆ వెనుక వామును తలపించే పచ్చిదనం వరుసగా తెలుస్తాయి. తైలంలో అధికభాగం తక్కిన నిమ్మజాతి పండ్లలో లాగానే లిమొనీన్ అనే వాసన పదార్థమే అయినా, ఆ వాము ఛాయ స్వల్పంగా ఉండే థైమాల్ అనే మరో పదార్థం చలవేనని నా అభిప్రాయం. వాములోనూ ప్రధానమైనది అదే కదా. జపాన్‌లో ఈ పండు షికోకు దీవిలోని కోచి ప్రాంతంలో అన్నిచోట్లకంటే ఎక్కువగా పండుతుంది. 1994లో జపాన్ ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే పేరిట వచ్చిన పురుషుల సెంటులో సెంట్ల రూపకర్త జాక్ కవాలియే దీన్ని తొలి వాసనగా వాడారు. చిక్కల్లా అది త్వరగా ఆవిరైపోవడమే; అందుకే అడుగున దేవదారు, వట్టివేరు వంటి బరువైన వాసనలు కలుపుతారు. నేనైతే ఆ మొదటి పది నిమిషాల కోసమే సీసా కొంటాను.