హౌరా వంతెన దగ్గర పూలు, రసగుల్లాలు

ఒడిశాలోని మా బరంపురంలో రాత్రి రైలెక్కితే తెల్లవారి హౌరాలో దిగవచ్చు. స్నేహితురాళ్లు విక్టోరియా మెమోరియల్ అన్నారు, నేను ముందు పూలబజారు అన్నాను. పూలకొట్టు వాళ్ల ఆడపిల్లను కదా, నా మాటే నెగ్గింది.

నదికి కోల్‌కతా వైపున్న మల్లిక్ ఘాట్ పూలబజారులో బంతిదండలను మోకుల్లా చుట్టి భుజాన వేసుకుని పరుగెడతారు, తప్పుకోకపోతే మనదే తప్పు. మూరల లెక్క లేదు, కట్టలుగానే బేరం. దండల చివర ముడి దగ్గర వాడిన పూలు దాచే విద్య మాత్రం అక్కడా ఉంది! తలెత్తితే 1943లో తెరిచిన హౌరా వంతెన. నట్లు, బోల్టులు లేకుండా రివెట్లతో నిలబడిన ఆ ఉక్కును కిళ్లీ ఉమ్ములు తినేస్తుంటే, కింది భాగాలకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయాల్సి వచ్చింది.

2024లో మొదలైన మెట్రోలో హుగ్లీ నది అడుగున ముప్పావు నిమిషం ప్రయాణం. నీలి దీపాలు తప్ప ఏమీ కనపడవు.

మిఠాయి కొట్టులో మాత్రం గొడవే. రసగుల్లాకు భౌగోళిక గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే జీఐ ట్యాగ్) బెంగాల్‌కు 2017లో, ఒడిశాకు 2019లో వచ్చింది. తెలుగువాళ్లమై ఉండి ఒడిశా తరఫున గట్టిగా వాదించాం. కొట్టాయన నవ్వి, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.