ఆరు పాయింట్ల వెనక

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం డాన్‌విల్‌లో గోడ మీద 'సీ6 హెచ్0' అని కనిపిస్తే అది కెమిస్ట్రీ పాఠం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ కాలేజీ 6, హార్వర్డ్ 0. 1921 అక్టోబర్ 29న, 300 మంది విద్యార్థులైనా లేని మన కాలేజీ, అంతకు రెండేళ్ల కిందటే రోజ్ బౌల్ అనే పెద్ద పోటీ గెలిచిన హార్వర్డ్‌ను వాళ్ల స్టేడియంలోనే ఓడించింది. 1920లో అదే మైదానంలో 31-14తో ఓడి వచ్చిన జట్టే ఇది.

మన ఊళ్ల ఫుట్‌బాల్‌కూ దీనికీ పోలిక లేదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటకపోతే బంతి అవతలివాళ్లది. అప్పట్లో దాడికీ కాపుకీ ఆ 11 మందే. ఒకసారి బయటికి వెళ్లినవాడు ఆ క్వార్టర్‌లో (ఆటలో నాలుగో వంతు) మళ్లీ దిగకూడదు. మంది తక్కువున్న జట్టును ఈ నియమమే నలిపేస్తుంది: మోకాలు నొప్పి పెట్టినా బయటికి రాలేరు, అలసిన కాళ్లతో చివరి క్వార్టర్‌లో పట్టు తప్పుతుంది.

ఆ ఆరు పాయింట్లు మూడో క్వార్టర్ మొదట్లో వచ్చాయి. హార్వర్డ్‌కు పడిన పెనాల్టీతో బంతి వాళ్ల 32 గజాల గీత దగ్గరికి చేరింది. అప్పటి రూల్ ప్రకారం పాస్ వేసేవాడు బంతి కదిలిన గీతకు కనీసం అయిదు గజాలు వెనక ఉండాలి. అందుకే మన ఆటగాడు బో మెక్‌మిలన్ వెనక్కి తగ్గితే పాసా, పరుగా అని ఎదుటివాళ్లు తేల్చుకోలేరు. అతను కుడివైపు మొదలుపెట్టాడు. కాపు అంతా అటు వాలగానే ఎడమకు తిరిగి గోల్ గీత దాటేశాడు. తర్వాత ఒక పాయింటు ఇచ్చే అదనపు కిక్ కుదరలేదు. ఏడు కావలసింది ఆరే అయింది. ఆ ఆరును ఆట అయ్యేదాకా కాపాడటమే అసలు ఘనత అంటాను. హెల్మెట్ లేకుండా ఆడే రెడ్ రాబర్ట్స్ లాంటివాళ్ల భుజాలు చేసిన పని అది.

మిగతా సీజన్ వేగంగా సాగింది. హార్వర్డ్ ఆటకు ముందు ట్రాన్సిల్వేనియాపై 98-0, తర్వాత కెంటకీపై 55-0, ఆబర్న్‌పై 21-0. రెగ్యులర్ సీజన్ మొత్తంలో మనమిచ్చిన పాయింట్లు ఆరంటే ఆరే.

1922 జనవరి 2న డాలస్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం మీద ఆట. మన కోచ్ చార్లీ మోరన్ ఒకప్పుడు శిక్షణ ఇచ్చిన కాలేజీయే అది. మెక్‌మిలన్‌కు ఆ ఉదయమే పెళ్లయింది. దెబ్బలతో మంది కరువైంది ఈసారి అవతలివాళ్లకు. స్టాండ్స్‌లో ఉన్న తమ విద్యార్థి కింగ్ గిల్‌ను పిలిపించి, యూనిఫాం తొడిగించి పక్కన నిలబెట్టుకున్నారు. అతను దిగకుండానే 22-14తో వాళ్లే గెలిచారు. వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే 'పన్నెండో ఆటగాడు' ఆ రోజు మన ఎదుట నిలబడినవాడే.