నాలా మీది స్లాబు నుంచి మొదలైన మా నడకదారి

మల్కాజిగిరి వైపు మా కాలనీలో మెయిన్ రోడ్డు మళ్ళీ వేస్తారని, దాంతోపాటు ఫుట్‌పాత్, సైకిల్ లేన్ కూడా పెడతారని తెలిసినప్పుడు, కాలనీ సంఘం తరఫున అందరి అభిప్రాయాలు సేకరించే పని నేను తీసుకున్నాను. బడి, రేషన్ షాపు, కూరగాయల మార్కెట్, రైల్వే స్టేషన్ అన్నీ మాకు నడిచి వెళ్ళే దూరమే. అయినా పిల్లల్ని స్కూటర్ మీద దింపని ఇల్లు తక్కువ.

మొదటి సమావేశం ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో పెట్టాం. రిటైరైన పెద్దలు, కార్లున్న ఇళ్ళవాళ్ళు వచ్చారు. మాటలన్నీ పార్కింగ్ గురించి, వీధికుక్కల గురించి నడిచాయి. అవీ వినాల్సినవే. కానీ మా వీధుల్లో రోజూ సైకిల్ తొక్కేవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, తాపీ మేస్త్రీలు, పేపర్ వేసే కుర్రాళ్ళు, వెనక క్యాన్ కట్టుకుని టీ అమ్మే అన్న, ఎవరూ లేరు. ఇళ్ళల్లో పనికొచ్చే ఆడవాళ్ళూ లేరు. కాలనీలో అందరికన్నా ఎక్కువ నడిచేది వాళ్ళే.

అందుకే మ్యాపునే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాం. వీధులన్నీ కనిపించేలా పెద్ద షీటు ప్రింటు తీయించి కిరాణా కొట్టు గోడకు, అంగన్‌వాడీలో, ఇస్త్రీ బండి పక్కన వంతులవారీగా తగిలించాం. చదువు రానివాళ్ళు కూడా గుర్తు పెట్టగలిగేలా బొట్టుబిళ్ళల ప్యాకెట్లు పక్కనే ఉంచాం. భయమేసే చోట ఎర్రది, హాయిగా నడిచే చోట పచ్చది. పొదుపు సంఘం ఆడవాళ్ళు దగ్గరుండి అందరి చేతా అంటించారు. కొన్నాళ్ళకు ఎర్ర బిళ్ళలు రెండు చోట్ల ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి బడి ముందు మలుపు, అందరికీ తెలిసిందే. రెండోది నాలా దగ్గర. మ్యాపులో అక్కడ దారే లేదు.

తెల్లవారుజామున పనివాళ్ళతో కలిసి నడిస్తే సంగతి తెలిసింది. నాలా మీద ఎప్పుడో వేసిన సిమెంటు స్లాబు ఒకటుంది. రెండడుగుల వెడల్పు. పట్టుకోవడానికి ఏమీ లేదు, లైటు లేదు. బస్తీ నుంచి కాలనీకి అదే అడ్డదారి. "మెయిన్ రోడ్డు మీద లారీలకు భయమైతది అక్కా. గీ స్లాబు మీదికెల్లే పోతం. వానలు పడ్డయంటే మాత్రం చుట్టు తిరగాలె" అంది నాతో నడిచినామె. మా ముందు పోతున్న మేస్త్రీ సైకిల్ దిగి, దాన్ని భుజానికెత్తుకుని, అడుగులో అడుగు వేస్తూ దాటాడు. అవతల టిఫిన్ డబ్బా సర్దుకుని మళ్ళీ ఎక్కాడు.

అప్పటికి మాకిచ్చిన డ్రాయింగులో సైకిల్ లేన్ అంటే మెయిన్ రోడ్డు అంచున ఒక పచ్చ పట్టీ. అక్కడే బస్సులు ఆగుతాయి, ఆటోలు నిలబడతాయి. సైకిల్ తొక్కేవాళ్ళు తమ దారిని ఎప్పుడో ఎంచుకున్నారు. అది లోపలి వీధుల్లోంచి ఆ స్లాబు మీదుగా పోతోంది. దాన్ని బాగుచేస్తే చాలు, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత టేపు పట్టుకుని కొలతలు తీశాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. బడి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన మాకు మిగిలింది అర మీటరు. ఇళ్ళ ముందు కార్ల కోసం పోసుకున్న ర్యాంపులు సరేసరి. మాతో నడిచిన తాతగారొకరు ర్యాంపు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి దిగి, మళ్ళీ ఫుట్‌పాత్ ఎక్కారు. కాసేపటికి ఎక్కడం మానేసి రోడ్డు మీదే నడిచారు. ఫుట్‌పాత్ ఉండగా జనం రోడ్డు మీద ఎందుకు నడుస్తారని అడిగేవాళ్ళకు ఆ ఫోటోలే చూపించాం.

ఫోటోలు, కొలతలు, బిళ్ళల మ్యాపు కలిపి సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పిన మాటను అర్జీలో మొదటే రాశాం. అర్జీ ఇచ్చాక తిరగడం తప్పలేదు. నాలా ఒకరిది, కరెంటు స్తంభం ఇంకొకరిది, రోడ్డు మరొకరిది. అందరినీ ఒకే రోజు స్లాబు దగ్గరికి రప్పించాకే పని కదిలింది.

అన్నిటికన్నా కష్టమైంది తోపుడుబండ్లవాళ్ళ భయం పోగొట్టడం. "ఫుట్‌పాత్ వస్తే మమ్మల్నే కదా లేపేది" అన్నారు. అనుభవం మీద అన్న మాట అది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. అది వాళ్ళతో కూర్చుని చదివాం. వాళ్ళ బండ్లకు చెట్ల వరుసలో చోటు గీసి, నడిచే దారి దాని పక్కనుంచి తీశాం. దీనికి ఎక్కువ పట్టుబట్టింది ఆడవాళ్ళే. రాత్రి తొమ్మిదికి స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు బజ్జీల బండి లైటే తమకు ధైర్యమని చెప్పారు.

బడి ముందు మలుపు మాత్రం కట్టే ముందు ఒకసారి పరీక్షించి చూశాం. ట్రాఫిక్ పోలీసుల అనుమతితో కోన్లు పెట్టి, సుద్దతో గీసి, మలుపును ఇరుకు చేశాం. వాహనాలు వాటంతటవే నెమ్మదించాయి. పార్కింగ్ పోతుందని గట్టిగా అడ్డుపడిన కొట్టు ఆయన సాయంత్రానికి, తన గిరాకీలో ఎక్కువమంది నడిచొచ్చేవాళ్ళేనని తానే అన్నాడు.

ఇప్పుడు స్లాబు ఉన్న చోట రెయిలింగుతో చిన్న కల్వర్టు వచ్చింది, సైకిల్ దిగకుండా దాటొచ్చు. లోపలి వీధుల మలుపుల్లో వేగం తగ్గించే ఎత్తులు, బడి ముందు ఫుట్‌పాత్ ఎత్తులోనే రోడ్డు దాటే దారి వేశారు. మెయిన్ రోడ్డు మీది పచ్చ పట్టీ ప్లానులోంచి తీసేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా కదల్లేదు, దాని వెనక పడుతూనే ఉన్నాం. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ దారి మొదటి షీటులో సరిగా రాలేదు కాబట్టి, రెండో షీటు స్టేషన్ మెట్ల దగ్గర తగిలించమని బస్తీ ఆడవాళ్ళు అడిగారు. ప్రింటుకు ఇచ్చాం.