ఫాక్స్‌ప్రో గోడ మీద రావి మొక్క

ఉదయం తొమ్మిదింటికి కోఠిలోని మా మందుల హోల్‌సేల్ దుకాణం షట్టర్ లేవగానే గుమాస్తా గారు అగరువత్తి వెలిగించి, ఆ తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రీఇండెక్స్ కొట్టేవారు, అంటే రికార్డులను వెతికిపెట్టే సూచికను (ఇండెక్స్) మళ్లీ కట్టించేవారు. ముందు రోజు కరెంటు పోయినా, నెట్‌వర్క్ తీగ కదిలినా ఇండెక్స్ ఫైలు దెబ్బతినేది. ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ బిల్లు తెరవకూడదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన పాత డేటాబేస్ భాష విజువల్ ఫాక్స్‌ప్రోకు 2015 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. పని జరుగుతోంది కదా అని మేం నెట్టుకొచ్చాం. 2024లో అమ్మకాల టేబుల్ రెండు గిగాబైట్లకు దగ్గరపడింది. ఫాక్స్‌ప్రోలో ఏ టేబులూ ఆ హద్దు దాటదు. పాత బిల్లులు వేరే ఫైలుకు తరలించి కొన్ని నెలలు గడువు తెచ్చుకున్నాం, అంతే.

యజమాని మాదాపూర్ నుంచి ఒక కన్సల్టెంట్‌ను పిలిపించారు. ఆయన బోర్డు మీద పద్నాలుగు గళ్లు గీసి, మైక్రోసర్వీసులు అన్నారు, అంటే ఒకే ప్రోగ్రామ్‌ను విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టడం. స్టాకు ఒకటి, బిల్లింగ్ ఒకటి, బాకీలు ఒకటి, దేని డేటాబేస్ దానిదే. బొమ్మ ముచ్చటగానే ఉంది. సాఫ్ట్‌వేర్ పనికి మేమున్నది ముగ్గురం, అందులో ఒకరు ప్రింటర్లు కూడా చూసుకోవాలి.

నేను ఒక్క బిల్లును ఆ బొమ్మ మీద నడిపించి చూశాను. పదికి ఒకటి ఉచితం అన్న స్కీములో ఒక మెడికల్ షాపు 20 స్ట్రిప్పులు అడిగింది. స్టాకులో 22 తగ్గాలి, అదీ ముందు గడువు తీరే బ్యాచ్ నుంచి. ధర 20కే పడాలి. షాపు బాకీ పరిమితి దాటకూడదు. అన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఒకే డేటాబేస్‌లో అయితే ఇది ఒక ట్రాన్సాక్షన్. మూడు చోట్లకు పంచితే, ఒకటి పడిపోయినప్పుడు మిగతా రెండింటినీ వెనక్కి తిప్పే కోడ్ మనమే రాసుకోవాలి. వేర్వేరు జట్లున్న పెద్ద సంస్థలకు ఆ కష్టం గిట్టుబాటు కావచ్చు, మాకు కాదు.

అందుకే మాడ్యులర్ మోనోలిత్ ఎంచుకున్నాం. ఒకే ప్రోగ్రామ్, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, లోపల గదులు. ఒక మాడ్యూల్ మరోదాని టేబుళ్లను నేరుగా తాకకూడదన్నది ఒక్కటే కఠినమైన నియమం. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్, ఆసరా ఇచ్చిన చెట్టును మెల్లగా కమ్మేసే ఆస్ట్రేలియా అడవిలోని మర్రిజాతి చెట్లను చూసి 2004లో చెప్పిన పద్ధతిలో పాతదాన్ని కొద్దికొద్దిగా మింగాలనుకున్నాం. అంత దూరం ఎందుకు, మా వెనక గోడ మీద మొలిచిన రావి చేస్తున్నదీ అదే. పాత స్క్రీన్లను ఓడీబీసీ (ఒక ప్రోగ్రామ్‌ను వేరే డేటాబేస్‌తో కలిపే వంతెన) ద్వారా కొత్త టేబుళ్లకే తిప్పాం. ఏ లెక్కా రెండు చోట్ల బతకకూడదు.

పాత కోడ్ చదవడమే అసలు పని. 417 నంబరు ఖాతాకు సాయంత్రం నాలుగు దాటితే ఇన్సులిన్ బిల్లు కాకుండా ఒక షరతు కనిపించింది. ఎవరో చేసిన పొరపాటనుకుని తీసేయబోయాను.

"తీయకు బాబూ. ఆ ఊరికి చివరి బస్సు పార్సిల్ నాలుగింటికే. తర్వాత బిల్లయితే ఐసుపెట్టె రాత్రంతా ఇక్కడే కరుగుతుంది," అన్నారు గుమాస్తా గారు.

అలాంటివి ముప్ఫైకి పైగా బయటపడ్డాయి. నెల రోజులు ఆయన పక్కన కుర్చీ వేసుకుని రాసుకున్నాను. కన్సల్టెంట్ బొమ్మలో వాటికి గడి లేదు.

ముందు పన్ను లెక్క మార్చాం, తర్వాత స్టాకు, బిల్లింగ్ కలిపి. 2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు రేట్ల టేబుల్‌లో తేదీతో కొత్త వరుసలు చేర్చాం. అంతకుముందు అమ్మిన సరుకు తిరిగొస్తే అసలు బిల్లు తేదీ చూసి 12 శాతమే పడుతోంది.

కంపెనీలకు గడువు తీరిన సరుకు తిప్పి పంపే స్క్రీన్ మాత్రం అప్పటికింకా ఫాక్స్‌ప్రోలోనే ఉంది. ముందు రాత్రి కూర్చుని, కోడ్‌లో 12 అని ఉన్న ప్రతిచోటా కొనుగోలు తేదీ చూసే షరతు పెట్టాం. తొమ్మిది చోట్ల దొరికింది. పదోది గురువారం నాడు ఒక డెబిట్ నోటులో (సరుకు తిప్పి పంపినప్పుడు కంపెనీకి రాసే పత్రం) బయటపడింది.