కాకులకు చలిమంట

పోయిన జనవరిలో ఒక రోజు, పొద్దున ఆరున్నర, బయట మైనస్ 12. మా ఆవిడ బాక్సులోకి పప్పు చేసి పోపు పెడుతోంది. ఎండుమిర్చి ఘాటుకి దగ్గొచ్చి వంటింటి కిటికీ బార్లా తెరిచాను. నాతో పనిచేసే పెద్దాయన కింద వ్యాన్‌లో ఎదురుచూస్తూ తలెత్తి చూశాడు. నేను వ్యాన్ ఎక్కగానే ఒకటే మాట: "ఏంటి, కాకులకి చలిమంట వేస్తున్నావా?"

స్వీడన్‌లో ఇది సామెతే, వేడి వృథా చేసేవాళ్ళని ఇలాగే అంటారు. ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ నాకు రోజంతా గుచ్చుకుంది. ఎందుకంటే నేను పొట్ట పోసుకునేదే ఆ పని మీద. స్టాక్‌హోమ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో, బయటికి పోయే గాలిలోంచి వేడి లాగి దాచే వెంటిలేషన్ మెషిన్లని సర్వీసు చేస్తాను.

అసలు మా ఇంట్లో వేడి ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటుంది. నా డబ్బూ కాదు, ఆయన డబ్బు అసలే కాదు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనుషులు అని మనసులో తిట్టుకున్నాను. సాయంత్రం చెబితే మా ఆవిడ, "అందులో తప్పేముందండీ, మీరు ఊరందరికీ చెప్పేది అదేగా" అంది. ఇంట్లో కూడా సపోర్టు లేదు.

తెలియనివాళ్ళకి చెప్తాను. నేను సర్వీసు చేసే ఈ మెషిన్ని ఇక్కడ ఎఫ్‌టీఎక్స్ అంటారు. బాత్రూమ్‌లోంచి, వంటింట్లోంచి పాత గాలిని ఒక ఫ్యాన్ లాగుతుంది, బయటి కొత్త గాలిని ఇంకో ఫ్యాన్ హాల్లోకీ పడగ్గదుల్లోకీ తోస్తుంది. ఈ రెండు గాలులూ మధ్యలో ఒక పెట్టెలో ఎదురవుతాయి. కొన్నింట్లో పల్చటి అల్యూమినియం రేకులు వరసగా ఉంటాయి, ఒక సందులో పాత గాలి, పక్క సందులో కొత్త గాలి. వేడి రేకు దాటి వెళ్ళిపోతుంది, గాలి మాత్రం గాలిని ముట్టుకోదు. మా నాయనమ్మ చూసి ఉంటే మడి చెడలేదని ఒప్పుకునేది. ఇంకో రకంలో పెద్ద చక్రం తిరుగుతుంటుంది. పాత గాలిలో వేడెక్కిన భాగం తిరిగి కొత్త గాలిలోకి వచ్చి ఆ వేడి వదిలేస్తుంది. ఇది గట్టి చలిలో కూడా రేకుల పెట్టె అంత తొందరగా గడ్డకట్టదు, నూటికి ఎనభై పాళ్ళ దాకా వేడి వెనక్కి తెస్తుంది, కానీ చెప్పొద్దూ, కాస్త ఎంగిలి వ్యవహారమే. చుట్టూ ఉండే సీలు అరిగినా, ఫ్యాన్ల ప్రెషర్ తేడా వచ్చినా వంటింటి చేపల పులుసు వాసన పడగ్గదిలోకి వచ్చేస్తుంది. అలాంటి కంప్లయింటుకి వెళ్ళినప్పుడల్లా, తప్పు పులుసుది కాదమ్మా, సీలుది అని కాస్త గట్టిగానే చెప్తాను.

లెక్క కూడా చూడండి. ఇక్కడి నియమం ప్రకారం ఇంటి చదరపు మీటరుకి సెకనుకి 0.35 లీటర్ల గాలి మారాలి. మా 70 చదరపు మీటర్ల ఇంటికి సుమారు 25 లీటర్లు. మైనస్ 10లో ఉన్న గాలిని 21 డిగ్రీలకి తేవాలంటే రాత్రీ పగలూ 900 వాట్ల పైన కావాలి. అందులో 700 పైచిలుకు ఆ చక్రమే వెనక్కి తెస్తుంది. అంటే పెద్ద రైస్ కుక్కర్ ఒకటి ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లో ఉన్నంత. స్టాక్‌హోమ్ సెంట్రల్ స్టేషన్‌లో అయితే ప్రయాణికుల ఒంటి వేడిని కూడా వెంటిలేషన్‌లోంచి పట్టి, నీళ్ళు వేడిచేసి, పక్కనున్న ఆఫీసు బిల్డింగుకి పంపుతున్నారు. మొదటిసారి విన్నప్పుడు, మనుషుల్ని కూడా వదల్లేదా అనుకున్నాను.

1973 ఆయిల్ కరువు తర్వాత వీళ్ళు ఇళ్ళకున్న సందులన్నీ మూసేసుకున్నారు, కొన్నిచోట్ల గాలాడక బూజు పట్టింది, జనం జబ్బుపడ్డారు. 1992 నుంచి వెంటిలేషన్ తనిఖీ తప్పనిసరి, ఇలాంటి మెషిన్లున్న అపార్ట్‌మెంట్లకి మూడేళ్ళకోసారి. అంత దెబ్బ తిన్నాక వచ్చిన జాగ్రత్త ఇది.

మనకేమన్నా తెలియదా? మా అమ్మ అన్నం వార్చి దింపాక మిగిలిన నిప్పుల మీద నీళ్ళు కాచేది, దాలిలో పాలు సాయంత్రం దాకా మరిగేవి. హైదరాబాద్‌లో ఆఫీసులకి డక్టులు వేసే రోజుల్లో ఇదే చక్రాన్ని నేనే బిగించాను, అక్కడ ఏసీ చల్లదనం బయటికి పోకుండా. ఈ సంగతి పెద్దాయనకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ బుద్ధిగా తలూపాడు.

ఒకసారి కాఫీకని మా ఇంటికొచ్చాడు. ఊరుకుంటాడా, బాత్రూమ్ గ్రిల్ దగ్గర టిష్యూ ముక్క పెట్టి చూశాడు, అతుక్కుంది, సంతోషపడ్డాడు. తర్వాత పడగ్గదిలో కొత్త గాలి వచ్చే మూతలోంచి నా పాత లుంగీ బయటికి లాగాడు. మంచం మీదికి చల్లగాలి తగులుతోందని నేనే కుక్కాను. అక్కడ మూస్తే తలుపు సందుల్లోంచి, చక్రం మొహం చూడని అచ్చమైన మైనస్ గాలి లోపలికి వస్తుందని నాకు తెలియక కాదు. ఆయన ఏమీ అనలేదు. లుంగీని నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టాడు. కాకుల మాటే నయమనిపించింది.

ఫిబ్రవరిలో మా నాన్న తద్దినం. ఇక్కడ కాకి కూడా పూర్తిగా నల్లగా ఉండదు, తలా రెక్కలూ నలుపు, ఒళ్ళంతా బూడిద రంగు. పనికొస్తుందో లేదో తెలియదు, అడగడానికి ఎవరున్నారు? బాల్కనీ గోడ మీద ముద్ద పెట్టి, తలుపు తీసి అక్కడే నిలబడ్డాను. మూసేస్తే ఆ చప్పుడుకి బెదిరి రాదేమోనని. మైనస్ 8. పావుగంటైంది. లోపల్నుంచి మా ఆవిడ, "ఏమండీ, తలుపు!" అని ఒకసారి అని ఊరుకుంది. కాసేపటికి తనే వచ్చి శాలువా నా భుజాల మీద వేసి, చలికి వణుకుతూ పక్కనే నిలబడింది.

"వస్తుందిలెండి," అంది.